పాత ప్రీమియర్‌లోకి కొత్త వీడియోలు: కన్వర్ట్ చేయకుండా తెచ్చుకునే పద్ధతి

చెన్నై సాలిగ్రామంలో నా ఎడిటింగ్ గదిలో ఉన్న సిస్టమ్ ఇప్పటికీ విండోస్ 7 మీదే నడుస్తోంది. అందులో ఉన్నది అడోబీ ప్రీమియర్ ప్రో సీఎస్6, 2012లో వచ్చిన వెర్షన్. నెలనెలా డబ్బు కట్టక్కర్లేదు. ఇన్నేళ్లలో తయారుచేసుకున్న టైటిల్స్, టెంప్లేట్లు అన్నీ అందులోనే ఉన్నాయి. చేతికి అలవాటైన పనిముట్టు. నెల్లూరు, సూళ్లూరుపేట నుంచి వచ్చి టీ నగర్ మండపాల్లో పెళ్లి చేసే మనవాళ్ల వీడియోలు ఎన్నో దాంట్లోనే మిక్సింగ్ చేశాను.

సాఫ్ట్‌వేర్ అక్కడే ఆగింది గానీ కెమెరాలు, ఫోన్లు ఆగలేదు. ఫైల్ తెచ్చి ప్రాజెక్ట్‌లో వేయగానే ‘అన్‌సపోర్టెడ్ ఫార్మాట్ ఆర్ డ్యామేజ్డ్ ఫైల్’ అంటుంది. లేదా బొమ్మ వస్తుంది, సౌండ్ రాదు. మీకూ ఇదే జరుగుతుంటే వెంటనే ఏదో ఒక కన్వర్టర్ దించుకుని ఫుటేజ్ మొత్తం అందులో పోయకండి. మూడు గంటల పెళ్లి కన్వర్ట్ కావడానికి పాత సిస్టమ్‌లో ఒక రాత్రి పడుతుంది. పైగా కన్వర్ట్ చేసిన ప్రతిసారీ బొమ్మ కొంత నలుగుతుంది. చివర్లో మీరు ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎలాగూ ఒకసారి నలుగుతుంది, ముందే ఇంకోసారి నలపడం ఎందుకు? పట్టుచీర జరీ మీద, మండపం వెనక చీకట్లో ఆ తేడా కంటికి కనిపిస్తుంది.

నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో చాలావాటికి కన్వర్షన్ అవసరమే ఉండదు. ఏది కావాలో, ఏది అక్కర్లేదో తెలుసుకునే పద్ధతి వరసగా చెబుతాను.

ముందు ఫైల్ లోపల ఏముందో చూడండి

వీడియో ఫైల్లో రెండు సంగతులు ఉంటాయి. ఒకటి డబ్బా, రెండోది లోపలి సరుకు. ఎంపీ4, ఎంఓవీ, ఎంకేవీ, ఏవీఐ, ఎంటీఎస్ ఇవన్నీ డబ్బాల పేర్లు. హెచ్.264, హెచ్‌ఈవీసీ, ఎంపెగ్-2 లాంటివి సరుకు పేర్లు, అంటే కోడెక్‌లు. పాత సాఫ్ట్‌వేర్ చాలాసార్లు కాదనేది డబ్బాని. సరుకు దానికి తెలిసిందే, మూత తీయడమే చేతకాదు.

ఇంట్లో అమ్మ జాడీలో ఆవకాయ పంపితే మనం చిన్న సీసాలోకి తీసుకుంటాం. ఆవకాయ రుచి మారదు. డబ్బా మార్చడం అలాంటిదే, దీన్ని రీమక్స్ అంటారు. కన్వర్ట్ చేయడమంటే అదే ఆవకాయని మళ్లీ పొయ్యి మీద పెట్టడం.

లోపల ఏముందో చూడటానికి మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకోండి. ఫైల్ని దాని మీదికి లాగి వదిలి, వ్యూ మెనూలో ట్రీ అనేది ఎంచుకోండి. చాలా వివరాలు వస్తాయి. మీరు చూడాల్సినవి ఇవి:

వీడియో కింద ఫార్మాట్: ఏవీసీ అని ఉంటే అది హెచ్.264, మంచి వార్త. హెచ్‌ఈవీసీ అని ఉంటే అది వేరే కథ, కింద చెబుతాను.
బిట్ డెప్త్, అంటే రంగుని ఎంత వివరంగా రాసిందనే లెక్క: 8 ఉండాలి. కొన్ని కొత్త కెమెరాలు 10 బిట్స్‌లో తీస్తాయి. హెచ్.264 అయినా సరే, 10 బిట్ అయితే సీఎస్6 దాన్ని మింగలేదు.
ఫ్రేమ్ రేట్ మోడ్, అంటే సెకనుకు వచ్చే బొమ్మల లెక్క: కాన్‌స్టంట్ (ఒకే వేగం) అని ఉందా, వేరియబుల్ (మారే వేగం) అని ఉందా.
ఆడియో కింద ఫార్మాట్: పీసీఎం, ఏఏసీ అయితే ఇబ్బంది లేదు. ఓపస్, ఫ్లాక్ అయితే సౌండ్ దగ్గర కొంచెం పని ఉంటుంది.

నేను ప్రతి పెళ్లికీ ఒక కాగితం మీద ఈ నాలుగూ రాసుకుంటాను, ఒక్కో కెమెరాకి ఒక్కో వరస. రెండు నిమిషాల పని. ఆ కాగితం చూస్తే ఆ రాత్రి ఎంతసేపు కూర్చోవాలో ముందే తెలిసిపోతుంది.

కార్డుని కార్డుగానే కాపీ చేయండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నేను ఎక్కువ దెబ్బ తిన్నది ఇక్కడే.

హ్యాండీక్యామ్‌లలో, కొన్ని స్టిల్ కెమెరాల్లో వచ్చే ఎంటీఎస్ ఫైళ్లు ఏవీసీహెచ్‌డీ అనే పద్ధతివి. సోనీ, పానసోనిక్ కలిసి 2006లో తెచ్చిన పద్ధతి అది. కార్డు తెరిస్తే ప్రైవేట్ అనే ఫోల్డర్, దాంట్లో ఏవీసీహెచ్‌డీ, దాంట్లో బీడీఎంవీ, దాంట్లో స్ట్రీమ్. వీడియోలు ఉండేది ఆ స్ట్రీమ్ ఫోల్డర్లో. మిగతా ఫోల్డర్లలో చిన్నచిన్న ఫైళ్లు ఉంటాయి. అవి పనికిరానివనుకుని చాలామంది ఎంటీఎస్‌లు మాత్రమే ఏరుకుని తెస్తారు.

అలా తేకండి. కెమెరా ఆపకుండా తీస్తూ పోతే ఆ ఒక్క షాట్‌నే 2 జీబీకో 4 జీబీకో ఒక ముక్కగా కోస్తుంది. ఏ ముక్క తర్వాత ఏది అనే లెక్క ఆ చిన్న ఫైళ్లలోనే ఉంటుంది.

కొన్నేళ్ల కిందట ఒక పెళ్లిలో రెండో కెమెరా తీసినతను పెన్‌డ్రైవ్‌లో ఎంటీఎస్‌లు మాత్రం వేసి పంపాడు. పేర్లు కూడా మార్చేశాడు. అన్నీ ఇంపోర్ట్ అయ్యాయి, నేనూ సంతోషించాను. టైమ్‌లైన్‌లో పక్కపక్కన పెట్టి ప్లే చేస్తే సరిగ్గా జీలకర్ర బెల్లం దగ్గర నాదస్వరం ఒక్క క్షణం తెగి మళ్లీ అందుకుంది. అర సెకను కూడా ఉండదు. కానీ గట్టిమేళం నడుమ ఆ ఖాళీ ఎవరి చెవికైనా తగులుతుంది. అదే మేళం మళ్లీ వాయించమని ఎవరినీ అడగలేం. కెమెరా కోసిన చోటు సౌండ్ ప్యాకెట్ మధ్యలో పడింది. సగం ఒక ఫైల్లో, సగం ఇంకో ఫైల్లో ఉండిపోయింది. విడివిడిగా తెరిస్తే ప్రీమియర్ రెండు సగాలనీ పారేస్తుంది.

కార్డు మొత్తం మీ దగ్గరుంటే మందు సులువు. కార్డులో ఉన్నదున్నట్టు ఒక ఫోల్డర్లోకి కాపీ చేయండి, లోపలి పేర్లు ఏవీ మార్చకండి. ప్రీమియర్‌లో ఫైల్ మెనూలోని ఇంపోర్ట్‌కి వెళ్లకుండా మీడియా బ్రౌజర్ ప్యానెల్ తెరిచి, ఆ ఫోల్డర్ దాకా వెళ్లండి. అక్కడ ముక్కలన్నీ కలిసి ఒకే పొడుగు క్లిప్‌గా కనిపిస్తాయి. దాని మీద రైట్ క్లిక్ చేసి ఇంపోర్ట్ కొట్టండి. ఈడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఇదే పని సోర్స్ బ్రౌజర్‌లో అవుతుంది.

కార్డు ఫార్మాట్ అయిపోయి, ముక్కలు మాత్రమే మిగిలితే? అప్పుడూ కన్వర్షన్ అక్కర్లేదు. ముక్కలున్న ఫోల్డర్లో షిఫ్ట్ నొక్కి పట్టుకుని ఖాళీ చోట రైట్ క్లిక్ చేస్తే కమాండ్ విండో తెరిచే వరస కనిపిస్తుంది. అందులో ఇంగ్లీషు అక్షరాల్లో కాపీ అని రాసి, ఖాళీ వదిలి, స్లాష్ బీ అని రాసి, మళ్లీ ఖాళీ వదిలి, మొదటి ముక్క పేరు, ప్లస్ గుర్తు, రెండో ముక్క పేరు రాయండి. ఇంకా ముక్కలుంటే ప్లస్ పెడుతూ పోండి. చివర ఖాళీ వదిలి కొత్త ఫైల్ పేరు రాసి ఎంటర్ కొట్టండి. అన్ని పేర్లూ ఎంటీఎస్ అనే తోకతో (ఎక్స్‌టెన్షన్‌తో) సహా ఉండాలి, పేరు మధ్యలో ఖాళీలు ఉండకూడదు. ఇది బైట్‌కి బైట్ అంటించి, తెగిన సౌండ్ ప్యాకెట్‌ని మళ్లీ ఒకటి చేస్తుంది. ఆ రోజు నాదస్వరం నాకు తిరిగి దొరికింది ఇలాగే. ఒకే షాట్ ముక్కలకే ఇది పనికొస్తుంది, వేర్వేరు షాట్లని ఇలా అతికించకండి.

పేరు మారిస్తే సరిపోయేవి

కొన్ని ఫైళ్లకు తోక మారిస్తే చాలు. ముందు ఆ తోకలు కనిపించాలి. విండోస్ 7లో ఏ ఫోల్డర్లోనైనా ఆర్గనైజ్, అందులో ఫోల్డర్ అండ్ సెర్చ్ ఆప్షన్స్, అందులో వ్యూ. అక్కడ తెలిసిన ఫైళ్ల ఎక్స్‌టెన్షన్లు దాచిపెట్టే వరసకున్న టిక్ తీసేయండి. తర్వాత పని అంతా కాపీ మీదే చేయండి, అసలు ఫైల్ని ముట్టుకోకండి.

పాత హ్యాండీక్యామ్‌లలో వచ్చే ఎంఓడీ ఫైళ్లు నిజానికి మామూలు ఎంపెగ్-2. తోక తీసి ఎంపీజీ అని రాస్తే ప్రీమియర్ తెరుస్తుంది. బొమ్మ సన్నగా నొక్కినట్టు కనిపిస్తే క్లిప్ మీద రైట్ క్లిక్, మాడిఫై, ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్. అందులో పిక్సెల్ యాస్పెక్ట్ రేషియో పాల్ వైడ్‌స్క్రీన్‌కి మార్చండి. అమ్మానాన్నల షష్టిపూర్తికి పాత పెళ్లి డీవీడీ తెచ్చి ‘ఇందులోంచి రెండు నిమిషాలు కలపండి’ అనేవాళ్లుంటారు. ఆ డీవీడీలోని వీఓబీ ఫైళ్లకీ చాలాసార్లు ఇదే చాలు.

డీఎస్ఎల్ఆర్ ఎంఓవీ ఫైళ్లకు ఇంకో చిట్కా ఉంది. మీది సీఎస్5 కంటే పాతదైతే ఆ ఎంఓవీలు టైమ్‌లైన్ మీద మట్టిలో బండి ఈడ్చినట్టు నడుస్తాయి. కారణం, అవి క్విక్‌టైమ్ అనే ఆపిల్ ప్రోగ్రామ్ గుండా వెళ్లడం. కాపీకి ఎంపీజీ తోక తగిలిస్తే ప్రీమియర్ తన సొంత ఎంపెగ్ దారిలో తెరిచి తేలిగ్గా ఆడిస్తుంది. అన్ని కెమెరాల ఫైళ్లకూ ఇది కుదరదు. ఒక్క క్లిప్‌తో చూసుకుని, సౌండ్ కూడా వస్తోందని నమ్మకం కుదిరాకే మిగతావి మార్చండి.

క్విక్‌టైమ్ మాట వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త. విండోస్ క్విక్‌టైమ్‌ని ఆపిల్ 2016లో వదిలేసింది. దాంట్లో బయటపడ్డ భద్రతా లోపాలకు మరమ్మతు లేదు. ప్రోరెస్ లాంటి కోడెక్‌లున్న ఎంఓవీల కోసం మీ పాత ప్రీమియర్‌కి అది తప్పదనుకుంటే ఆ సిస్టమ్‌కి ఇంటర్నెట్ తీసేయండి. నేను అలాగే చేశాను, ఫైళ్లు హార్డ్‌డిస్క్‌లో వస్తాయి, హార్డ్‌డిస్క్‌లో పోతాయి.

డబ్బా మార్చడం

ఇప్పుడు అసలు పని. అమెరికాలో ఉన్న బంధువుల కోసం పెళ్లి లైవ్ పెడుతున్నాం కదా, దానికి ఎక్కువమంది వాడేది ఓబీఎస్ అనే ప్రోగ్రామ్. దాని రికార్డింగ్ చాలాసార్లు ఎంకేవీలో వస్తుంది. మధ్యలో కరెంటు పోయినా అంతవరకూ రికార్డయింది చెడిపోదు కాబట్టి ఎంకేవీలో తీయడమే మంచిది. మామూలు ఎంపీ4 అయితే మొత్తం పోయే ప్రమాదం ఉంది. కానీ ఎంకేవీని సీఎస్6 తెరవదు. దీనికి బయటి ప్రోగ్రామ్ కూడా అక్కర్లేదు. ఓబీఎస్‌లోనే ఫైల్ మెనూలో రీమక్స్ రికార్డింగ్స్ అని ఉంటుంది. అందులో ఎంకేవీ వేసి రీమక్స్ నొక్కితే పక్కనే ఎంపీ4 తయారవుతుంది.

వేరే చోటినుంచి వచ్చిన ఎంకేవీలకు, టీఎస్ అనే ఇంకో రకం డబ్బాలకు అవిడీమక్స్ అనే ప్రోగ్రామ్ వాడండి. ఉచితం. మీ పాత విండోస్‌లో అది లేవకపోతే ఇంట్లో ఉన్న ఏ లాప్‌టాప్‌లోనైనా చేసి తెచ్చుకోవచ్చు.

ఫైల్ని అందులో తెరవండి. ఎడమపక్క మూడు పెట్టెలు ఉంటాయి. వీడియో అవుట్‌పుట్ దగ్గర కాపీ. ఆడియో అవుట్‌పుట్ దగ్గర కాపీ. అవుట్‌పుట్ ఫార్మాట్ దగ్గర ఎంపీ4 మక్సర్. ఇక సేవ్ కొట్టి, పేరు చివర ఎంపీ4 తోక ఉండేలా చూసుకోండి. అంతే. ఆ ‘కాపీ’ అనే మాటలోనే అంతా ఉంది. పొరపాటున అక్కడ వేరే కోడెక్ పేరు ఉంటే మీరు కన్వర్ట్ చేస్తున్నట్టే.

సరిగ్గా జరిగిందో లేదో తెలుసుకోవడం తేలిక. డబ్బా మార్పు డిస్క్ వేగాన్ని బట్టి నిమిషాల్లో అయిపోతుంది, ప్రాసెసర్ ఫ్యాన్ గోల పెట్టదు. కొత్త ఫైల్ సైజు పాతదానికి దాదాపు సమానంగా ఉండాలి. సగమైపోయిందంటే ఎక్కడో మళ్లీ వండేశారని అర్థం. నిడివి సెకన్లతో సహా సరిపోవాలి. తర్వాత చివరి ఐదు నిమిషాలు ప్లే చేసి పెదవులకీ మాటకీ సింక్ చూడండి. మొదట్లో చూస్తే ఎప్పుడూ బాగానే ఉంటుంది.

లోపలి ఆడియో ఓపస్ అయినా, మీ సాఫ్ట్‌వేర్‌కి తెలియని ఇంకేదైనా అయినా బొమ్మని అలాగే కాపీలో ఉంచి, ఆడియో అవుట్‌పుట్ మాత్రం ఏఏసీకి మార్చండి. సౌండ్ మార్చడానికి ఎక్కువసేపు పట్టదు, దానివల్ల బొమ్మకి ఏమీ కాదు.

సౌండ్ రాలేదని కంగారుపడే ముందు ఇంకొకటి చూడండి. ప్రీమియర్ కొత్త క్లిప్ తీసుకోగానే దాని సౌండ్‌ని తనకు అనువుగా విడిగా రాసుకుంటుంది. కింద కుడిమూల చిన్న గీత కదులుతుంటుంది. అది పూర్తయ్యేదాకా క్లిప్ మూగగానే ఉంటుంది. గంట క్లిప్ అయితే ఓపిక పట్టాలి. ఇంతకుముందు చెడ్డ ఫైల్ ఇంపోర్ట్ చేసి, అదే పేరుతో మంచి ఫైల్ పెడితే పాత కాష్‌నే, అంటే ముందు రాసిపెట్టుకున్నదాన్నే, పట్టుకుని వేలాడుతుంది. కొత్త పేరు పెట్టండి, లేదా ఎడిట్, ప్రిఫరెన్సెస్, మీడియాలోకి వెళ్లి క్లీన్ కొట్టండి.

ఫోల్డర్ పేర్లు కూడా చూసుకోండి. తెలుగులో పేర్లు పెట్టుకోవడం నాకూ ఇష్టమే. కానీ పాత సాఫ్ట్‌వేర్లలో కొన్నింటికి మన అక్షరాలు, బారెడు దారి పేర్లు పడవు. డీ డ్రైవ్‌లో నేరుగా ఇంగ్లీషులో చిన్న పేరుతో ఫోల్డర్ పెట్టుకోండి.

ఫోన్ వీడియోల దగ్గర నిజాయితీగా

ఇక్కడ కొన్నిటికి డబ్బా మార్చినా లాభం లేదు. ఐఫోన్లలో 2017లో ఐఓఎస్ 11తో హెచ్‌ఈవీసీ వచ్చింది. ఇప్పుడు చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఉంది. సీఎస్6కి ఆ సరుకే తెలియదు. ఏ డబ్బాలో పోసినా తెరవదు. అలాంటి క్లిప్‌లని మాత్రం, వాటిని మాత్రమే, హ్యాండ్‌బ్రేక్ అనే కన్వర్టర్‌లో హెచ్.264కి కన్వర్ట్ చేయండి. క్వాలిటీ బాగా ఎక్కువ పెట్టి, ఫ్రేమ్ రేట్ దగ్గర కాన్‌స్టంట్ ఎంచుకోండి. మూడు క్లిప్‌ల కోసం ముప్పై క్లిప్‌లు వండకండి.

వేరియబుల్ ఫ్రేమ్ రేట్ రెండో సమస్య. వెలుతురు తగ్గినప్పుడు ఫోన్ ఫ్రేముల వేగాన్ని తనే మార్చుకుంటుంది. పాత ప్రీమియర్ అది గమనించక ఒకే వేగం అనుకుంటుంది. అర నిమిషం క్లిప్‌లో తేడా తెలియదు, అలాగే వాడేయండి. పావుగంట పాట కచేరీ అయితే చివరికొచ్చేసరికి గొంతు ఒకచోట, పెదవి ఒకచోట. అప్పుడు క్లిప్‌ని నాలుగైదు చోట్ల కోసి, ఒక్కో ముక్కనీ సౌండ్‌కి సరిగ్గా జరుపుకోండి. బంధువుల ముఖాలు చూపించే షాట్లు మధ్యలో వేస్తే కోతలు కనిపించవు. అది కుదరనంత పొడుగుంటే దాన్ని కన్వర్ట్ చేయడమే సరైన పని.

ఫోన్ నిలువుగా పట్టి తీసింది సీఎస్6లో పడుకుని వస్తుంది. ఫోన్ రాసిన తిప్పుడు గుర్తు దానికి తెలియదు. ఎఫెక్ట్ కంట్రోల్స్‌లో మోషన్ కింద రొటేషన్ 90 పెట్టండి, తలకిందులుగా వస్తే మైనస్ 90.

ఇక క్లిప్‌లు మన దగ్గరికి వచ్చే దారి. “అన్నా, వాట్సాప్‌లో పంపేశాను” అంటారు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది అప్పటికే నలిగిపోయి వస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వస్తుంది, 2 జీబీ దాకా. ఐఫోన్‌ని కేబుల్‌తో సిస్టమ్‌కి కలిపితే ఇంకో మెలిక ఉంది. ఫోటోస్ సెట్టింగుల్లో అడుగున ట్రాన్స్‌ఫర్ టు మ్యాక్ ఆర్ పీసీ అనే చోట ఆటోమేటిక్ ఉంటే, పాత సిస్టమ్ కోసం ఫోనే దారిలో హెచ్.264కి మార్చి పంపుతుంది. కొన్నిసార్లు మధ్యలో కాపీ తెగిపోతుంది కూడా. కీప్ ఒరిజినల్స్ పెట్టి అసలు ఫైళ్లు తెచ్చుకోండి. ఏం మార్చాలో మీరే నిర్ణయించుకోవచ్చు.

వీటన్నిటికంటే తేలికైన దారి పెళ్లికి ముందురోజే ఉంది. వధూవరుల స్నేహితుల్లో ఫోన్లతో తీసేవాళ్లెవరో కనుక్కుని వాళ్లకి నేను ఈ మెసేజ్ పంపుతాను. మీకూ పనికొస్తే వాడుకోండి:

“నమస్తే అండీ. రేపటి పెళ్లి వీడియో మిక్సింగ్ నేనే చేస్తున్నాను. ఐఫోన్ అయితే సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్‌లో మోస్ట్ కంపాటిబుల్ పెట్టండి. ఆండ్రాయిడ్ అయితే కెమెరా సెట్టింగుల్లో హై ఎఫిషియెన్సీ వీడియో లేదా హెచ్‌ఈవీసీ అని ఉన్నది ఆఫ్ చేయండి. 1080పీ, 30 ఫ్రేములు చాలు. ఫోన్ అడ్డంగా పట్టుకుని తీయండి. పొడుగు వీడియో కంటే రెండు మూడు నిమిషాల ముక్కలు మంచివి. పంపేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి, లేదా రిసెప్షన్ దగ్గర నా హార్డ్‌డిస్క్‌లో వేసేయండి. నేను స్టేజీకి ఎడమపక్కన ఉంటాను.”